రంగు కింద తుప్పు

(రిగ్గైలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు రాజకీయ ఉపన్యాసాలు చేతకావు. ఇక్కడి ప్లాంట్లలో పైపులు, ట్యాంకులు ఎంత తుప్పు తిన్నాయో కొలవడం నా ఉద్యోగం. ఆ పని గురించే నాలుగు మాటలు చెబుతాను. మనం నాయకులను అడగవలసిన ప్రశ్న అందులోనే ఉంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. నిండిన డ్యాం ఖాళీ అవుతుంటే అనంతపురం, కర్నూలు, కడప వాళ్లం ఇక్కడ ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. మన కన్నయ్యనాయుడు గారు, ఆయనతో పనిచేసినవారు పారే నీళ్లలోనే తాత్కాలిక గేటు దించి మిగిలిన నీళ్లు కాపాడారు. వారికి చేతులెత్తి మొక్కాలి. అయితే కథ అక్కడితో అయిపోలేదు. మిగతా గేట్లూ బలహీనపడ్డాయని, సుమారు 105 టీఎంసీలు పట్టే డ్యాంలో 2025లో 80 టీఎంసీల వరకే నిల్వ చేయాలని నిర్ణయించారు. ఆ తేడా అంతా తుప్పు మింగిన నీళ్లే.

తుప్పును ఎలా కొలుస్తారు? ముందు సుత్తితో తట్టి, పొక్కులు గీకి, శుభ్రమైన ఇనుము కనబడేదాకా తీస్తాం. దానిమీద జెల్ రాసి అల్ట్రాసోనిక్ ప్రోబ్ పెడతాం. శబ్ద తరంగం అవతలి అంచును తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి మందం తెలుస్తుంది. కట్టినప్పుడు 12 మిల్లీమీటర్లున్న ప్లేటు 20 ఏళ్లకు 10 అయిందనుకోండి. అంటే ఏడాదికి 0.1 పోతోంది. బరువు మోయడానికి కనీసం 9 ఉండాలంటే, ఇక దాని ఆయుష్షు పదేళ్లే. నీళ్లు నిలిచే మూలల్లో, రివెట్ల సందుల్లో తుప్పు ఇంకా త్వరగా తింటుంది. అందుకే ఒకసారి కొలిచి ఊరుకోం. ప్రతిసారీ అవే గుర్తుల దగ్గర కొలిచి, పాత అంకెల పక్కన రాస్తాం.

రంగు వేస్తే తుప్పు నెమ్మదిస్తుంది గానీ, పోయిన మందం తిరిగి రాదు. గుజరాత్‌లోని మోర్బీలో పాత వేలాడే వంతెనకు మరమ్మతులు చేశామని 2022 అక్టోబర్ 26న తెరిచారు. 30వ తేదీన కూలి 135 మంది చనిపోయారు. తెగిన ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అంతకుముందే తుప్పు పట్టి ఉన్నాయని దర్యాప్తు బృందం చెప్పింది. నడిచే నేల మార్చారు, మోసే కేబుల్ మార్చలేదు.

ఇక రాజమండ్రికి వద్దాం. హేవలాక్ వంతెన మీద 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగాయి. దాన్ని పర్యాటక కేంద్రం చేయాలన్న మాట ప్రభుత్వాలు మారినా వినబడుతూనే ఉంది. గోదావరి సోదరులతో పాటు నాకూ ఆ ముచ్చట ఉంది. వయసు చూసి వద్దనను, కొలిచి తెరవమంటాను. రైలు ఆగినా తుప్పు ఆగదు. రోజూ వేలమంది దాటే 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనకూ ఇదే మాట.

నాయకులు కువైట్ వస్తే శాలువా కప్పి ఫొటో దిగుతాం. ఏ పార్టీ వారైనా సరే, ఈసారి శాలువాతో పాటు మూడు ప్రశ్నలు కూడా ఇద్దాం. మా జిల్లాలోని వంతెనలను, గేట్లను చివరిసారి ఎప్పుడు కొలిచారు? ఎవరు కొలిచారు? ఆ నివేదికను జనం చదివేలా ఎక్కడ పెట్టారు?

కొలత రాయని పైపులో ఆయిల్ వదలడానికి ఇక్కడ నేను సంతకం పెట్టను. మన పిల్లలు నడిచే వంతెనకు ఆపాటి జాగ్రత్త అడగడం ఎక్కువేమీ కాదు.