"చూద్దాం తమ్ముడూ" అనేవాళ్లతో జాగ్రత్త: ఓపీటీలో ఉన్నవాళ్లకి నాలుగు మాటలు

అమెరికాలో ఎం.ఎస్. అయిపోయి జాబ్ వెతుక్కునేవాళ్లకి అందరూ చెప్పేది ఒకటే, "నెట్‌వర్కింగ్ చెయ్యి" అని. మంచి మాటే. కానీ ఎవర్ని కలవాలి, ఏం అడగాలి, ఎప్పుడు లేచి వచ్చెయ్యాలి, ఇవి ఎవరూ చెప్పరు. ఈరోజు అవే మాట్లాడుకుందాం.

ముందు లెక్క చూద్దాం. చదువు అయ్యాక ఎఫ్-1 వీసా వాళ్లకి ఓపీటీ 12 నెలలు. అందులో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఈఏడీ కార్డు మీదున్న స్టార్ట్ డేట్ నుంచే కౌంట్ మొదలు. శని, ఆదివారాలు కూడా లెక్కే. అంటే ఒక మీటింగ్ వేస్ట్ అయితే పోయేది కాఫీ డబ్బులు కాదు, ఒక రోజు.

నాకు 61వ రోజున జరిగింది చెప్తాను. మా బావ ఫ్రెండ్‌కి తెలిసినాయన ఒకరు, ఇక్కడ పదిహేనేళ్లుగా ఉన్నారు. "రెజ్యూమే పట్టుకుని రా తమ్ముడూ, చూద్దాం" అన్నారు. నేనుండేది డెంటన్, ఆయన రమ్మన్నది ఇర్వింగ్. కారు లేదు, రెండుసార్లు ట్రైన్ మారి వెళ్లాను. ఆయన గంట లేటు. వచ్చాక ముప్పావుగంట ఆయన ఇల్లు, ఆయన కారు, ఆయన గ్రీన్ కార్డు కథ. మధ్యలో "మీదే ఊరు? ఇంటిపేరేంటి?" అని ఆరా. నా రెజ్యూమే మాత్రం ఆయన కాఫీ కప్పు కింద ఉంది.

చివరికి నేనే అడిగాను, "అన్నా, మీ టీమ్‌లో డేటా ఇంజినీర్ ఓపెనింగ్ ఏమైనా ఉందా?" అని.

"ఫ్రెషర్ అంటే ఎవడూ చూడడు తమ్ముడూ. ఏడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడదాం. ఇంటర్వ్యూ సంగతి మావాళ్లు చూసుకుంటారు. అందరూ చేసేదేగా!"

"నా వయసు 24 అన్నా. ఏడేళ్లంటే ఇంటర్‌లోనే జాబ్‌లో చేరినట్టు" అన్నాను. ఆయన నవ్వలేదు. "నీ ఇష్టం, తర్వాత బాధపడేది నువ్వే" అన్నారు. థ్యాంక్స్ చెప్పి లేచి వచ్చేశాను.

తిరుగు ట్రైన్‌లో ఒళ్లు మండిపోయింది. ఇంటి దగ్గర లోన్ వడ్డీ పెరుగుతోంది, చేతిలో 29 రోజులే ఉన్నాయి. అలాంటప్పుడు "అందరూ చేసేదే" అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆ అబద్ధం రెజ్యూమేతో ఆగదు. రేపు హెచ్-1బీ పిటిషన్‌లోకి, వీసా ఇంటర్వ్యూలోకి కూడా వస్తుంది. అక్కడ కావాలనే తప్పు సమాచారం ఇచ్చారని తేలితే అమెరికా రాకుండా శాశ్వత నిషేధం పడొచ్చు. ఆ రోజు ఈ అన్నలెవరూ ఫోన్ ఎత్తరు.

మరి ఏం చెయ్యాలి?

ఒకటి, వెళ్లేముందే కంపెనీ వెబ్‌సైట్‌లో పోస్టు చూసి, జాబ్ ఐడీ పంపించి "దీనికి రిఫర్ చెయ్యగలరా?" అని అడగండి. చాలా పెద్ద కంపెనీల్లో రిఫరల్ ఆ నంబర్ మీదే నడుస్తుంది. "చెయ్యలేను" అన్నా మంచిదే, ఇంకొకరిని అడగొచ్చు. మన రోజుల్ని తినేసేది "చూద్దాం" అన్న మాటే.

రెండు, మొదటిసారి పదిహేను నిమిషాల ఫోన్ చాలు. అందులో జాబ్ అడక్కండి. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, టీమ్‌లో ఏం వాడతారు, అవి అడగండి.

మూడు, కన్సల్టెన్సీ వాళ్లయితే ఈ-వెరిఫైలో ఉన్నారా, ఐ-983 ఫారం మీద సంతకం పెడతారా అని సూటిగా అడగండి. ఈ రెండూ లేకపోతే 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్ రాదు. మాట దాటేస్తే లేచి వచ్చెయ్యండి.

నాలుగు, మీకన్నా ఒకట్రెండేళ్లు ముందు చేరినవాళ్లని అడగండి. వాళ్లకి అన్నీ తాజాగా గుర్తుంటాయి. ఇర్వింగ్ వెళ్లొచ్చిన రెండు రోజులకి మా డిపార్ట్‌మెంట్ సీనియర్ అక్క ఒకావిడతో మాట్లాడాను. "మా దగ్గర ఓపెనింగ్స్ లేవు" అని మొదటి నిమిషంలోనే చెప్పేసింది. తర్వాత తనని అడిగిన ఎస్‌క్యూఎల్ ప్రశ్నలన్నీ చెప్పింది. 83వ రోజున నేను వేరే కంపెనీలో చేరాను. ఆ ప్రశ్నల్లో రెండు నా ఇంటర్వ్యూలో వచ్చాయి.

జాబ్‌లో ఉన్నవాళ్లకి కూడా ఒక మాట. జూనియర్ ఎవరైనా మెసేజ్ పెడితే, "లేదు" అనాలన్నా ఆ రోజే చెప్పెయ్యండి. అవతల వాళ్లు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.