"ప్రశ్న ఉత్పన్నం కాదు"

(జిల్లా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళేటప్పుడు మనం చేతిలో ఏం పట్టుకెళ్తాం? వినతిపత్రం. ఆయన తీసుకుంటారు, పక్కనున్న పి.ఏ.కి అందిస్తారు, "చూద్దామమ్మా" అంటారు. మర్నాడు జిల్లా ఎడిషన్లో ఫోటో కూడా వస్తుంది. ఆ కాగితం తర్వాత ఏమైందో మనకీ తెలియదు, ఆయనకీ తెలియదు.

వినతిపత్రంలో ఒకరు దాత, మిగిలినవాళ్ళు యాచకులు. శాసనసభలో వేసే ప్రశ్న అలాంటిది కాదు. మంత్రి నోటితోనో రాతతోనో జవాబు చెప్పి తీరాలి. ఆ జవాబు సభ రికార్డుల్లోకి ఎక్కుతుంది. అబద్ధమైతే నిలదీయడానికి కాగితం ఉంటుంది. మహిళా ఉద్యమం ధర్నాలు చేసింది, కోర్టులకెక్కింది, చట్టాలు తెప్పించింది. ఈ చిన్న పనిముట్టును మాత్రం సరిగా వాడుకోలేదని నా అభిప్రాయం.

ఈ హక్కు ఎవరో దయతో ఒక్కసారిగా ఇచ్చింది కాదు. 1892 చట్టంతో శాసన మండళ్ళ సభ్యులకు ప్రశ్న అడిగే వీలు వచ్చింది. జవాబు విని మళ్ళీ అడిగే వీలు, అంటే అనుబంధ ప్రశ్న, 1909లో గానీ రాలేదు. అదీ మొదటి ప్రశ్న వేసినవారికే. మిగతా సభ్యులూ అందుకోవడం 1919 సంస్కరణల తర్వాత. ఆంధ్ర జిల్లాలు కూడా భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రపు మండలిలోకి 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి అడుగుపెట్టేనాటికి ఈ సాధనం ఆమె చేతికి సిద్ధంగా ఉంది.

ఇప్పుడు మన సంగతి. ప్రశ్నోత్తరాల సమయంలో నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు. జాబితాలో ఉండి వంతు రాని నక్షత్రపు ప్రశ్నలకూ చివరికి రాతజవాబే మిగులుతుంది. ముందుగా నోటీసివ్వాలి. లోక్‌సభలో అయితే కనీసం 15 రోజులు. ప్రశ్నలో వాదన ఉండకూడదు, వ్యంగ్యం ఉండకూడదు, మంత్రి అభిప్రాయం అడగకూడదు. మనకు కోపం ఎక్కువ కదా, ఈ నిబంధన దగ్గరే చిక్కు వస్తుంది.

ఒక మండలంలో జరిగింది చెప్తాను. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉండడు. కాన్పు నొప్పులొస్తే ఆటోలో పట్నం ఆసుపత్రికి పరుగు. సంఘం ఆడవాళ్ళు ఎమ్మెల్యేని పట్టుకుని, దీనిగురించి సభలో అడగమన్నారు. ఆయన అడిగారు కూడా. కాకపోతే ఆయన అడిగింది ఇది: ఫలానా ఆరోగ్య కేంద్రానికి కొత్త భవనం కట్టే ప్రతిపాదన ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా? మంత్రి "ఉందండి" అన్నారు. ఊళ్ళోకొచ్చి ఎమ్మెల్యే "మీ సమస్య సభలో లేవనెత్తాను" అన్నారు.

డాక్టరు అడిగితే భవనం ఎందుకైంది? ఇందులో వ్యక్తి దుర్మార్గం వెతికితే మనకేమీ అర్థం కాదు. స్థానిక సమస్య అనే మాటకి మన రాజకీయాల్లో ఒక అర్థం స్థిరపడిపోయింది. రోడ్డు, వంతెన, భవనం, చెక్‌డ్యామ్. వీటికి అంచనాలుంటాయి, టెండర్లుంటాయి, కాంట్రాక్టరుంటాడు, శంకుస్థాపన రాయి ఉంటుంది. డాక్టరు రోజూ వచ్చి కుర్చీలో కూర్చోవడానికి శంకుస్థాపన లేదు. 1993 డిసెంబరులో పార్లమెంటు సభ్యులకు స్థానికాభివృద్ధి నిధి పథకం మొదలైంది, తర్వాత ఎమ్మెల్యేలకూ అలాంటి నిధులు వచ్చాయి. ప్రభుత్వాన్ని అడగాల్సినవాడు తనే పనులు పంచేవాడయ్యాడు. ఆడవాళ్ళ అవసరాలు చాలామటుకు మనుషులకూ జీతాలకూ రోజువారీ సేవకూ సంబంధించినవి. అందుకే అవి ప్రశ్న దాకా వెళ్ళేలోపు సిమెంటుగా మారిపోతాయి.

సరే, భవనం మాట వదిలేసి డాక్టరు గురించే అడిగారనుకుందాం. "ఫలానా కేంద్రంలో డాక్టరు లేక ప్రజలు ఇబ్బంది పడుతున్న మాట వాస్తవమేనా? అయినచో తీసుకున్న చర్యలేమిటి?" జవాబు ఎలా వస్తుందో అచ్చయిన చర్చలు తిరగేసినవారికి తెలుసు: "(అ) లేదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు." ఇది అబద్ధమా? కాకపోవచ్చు. కాగితం మీద ఆ పోస్టు భర్తీ అయ్యే ఉంటుంది. ఆ డాక్టరు డిప్యుటేషన్ మీద పట్నంలో పనిచేస్తుంటాడు, జీతం మాత్రం మన కేంద్రం పేరు మీద పడుతుంది. "వాస్తవమేనా" అని అడిగితే "కాదు" అనే తలుపు మనమే తీసిపెట్టినట్టు.

కాబట్టి లెక్క అడగండి. ఆ కేంద్రానికి మంజూరైన డాక్టర్లు, స్టాఫ్ నర్సుల పోస్టులెన్ని. అందులో భర్తీ అయినవెన్ని. భర్తీ అయినవారిలో డిప్యుటేషన్ మీద వేరే చోట్ల ఉన్నవారెందరు, ఎప్పటినుంచి. గత రెండేళ్ళలో అక్కడ జరిగిన కాన్పులెన్ని, పై ఆసుపత్రికి పంపిన కేసులెన్ని? ఇందులో కోపం లేదు, విమర్శ లేదు, తోసిపుచ్చడానికి నిబంధన దొరకడం కష్టం. "ఉత్పన్నం కాదు" అనడానికి చోటే లేదు. నాలుగు అంకెలు పక్కపక్కన పెడితే ఊళ్ళో అందరికీ తెలిసిన నిజం మంత్రి సంతకంతో బయటికొస్తుంది.

గృహహింస చట్టానికీ ఇదే పద్ధతి. 2005లో చేసిన ఆ చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది, రక్షణాధికారుల్ని నియమించమంది. చాలాచోట్ల ఇది వేరే ఉద్యోగం చేస్తున్న అధికారికి అదనంగా అంటగట్టిన పని. "చట్టం సక్రమంగా అమలవుతోందా" అంటే "అవునండి" అనేస్తారు. మా జిల్లా రక్షణాధికారికి ఇంకెన్ని బాధ్యతలున్నాయి, కేటాయించిన సిబ్బంది ఎందరు, వాహనం ఉందా, ఏడాదిలో కోర్టుకి పంపిన గృహహింస నివేదికలెన్ని అని అడగాలి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. మన జిల్లాలో ఎప్పుడు వేశారు, సభ్యులెవరు, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి?

ప్రశ్నకు ఎంత విలువుందో మనకంటే బాగా తెలిసినవాళ్ళున్నారు లెండి. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్నందుకు 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను సభల నుంచి బహిష్కరించారు.

మీలో కొందరు అంటారు, మా ఎమ్మెల్యే అధికార పార్టీ, సొంత మంత్రిని ఇరుకున పెట్టడు అని. నిజమే. కానీ లెక్క అడగడం ఇరుకున పెట్టడం కాదని నచ్చజెప్పవచ్చు. ఆయన కాదంటే పక్క నియోజకవర్గం సభ్యులు ఆ ప్రశ్నే జిల్లా మొత్తానికి వేయవచ్చు. మండలి ఉన్న రాష్ట్రాలు మనవి, అక్కడా అడిగించవచ్చు. మహిళా సభ్యులైతే తప్పక అడుగుతారన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి. 2023 ఎన్నికల్లో తెలంగాణలో 119 స్థానాలకు 10 మంది మహిళలే గెలిచారు. అదే ఏడాది చేసిన మూడోవంతు రిజర్వేషన్ చట్టం అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టింది. వాళ్ళ సంఖ్య పెరగాలి, అది వేరే పోరాటం. ఈలోపు ఉన్నవాళ్ళ చేత, ఆడైనా మగైనా, అడిగించాలి.

జవాబు వచ్చాక మన పని సగమే అయినట్టు. మంత్రి "పరిశీలిస్తాం", "చర్యలు తీసుకుంటాం" అన్నారా, అది సభకిచ్చిన హామీ కావచ్చు. అలాంటివాటిని వెంబడించడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని సభలో ఒకటి ఉంటుంది. దాని పేరు విన్న కార్యకర్తలు ఈ గదిలో ఎందరో నాకు అనుమానమే. ఆ జవాబు ప్రతి తెచ్చి గ్రామసభలో చదవండి. "భర్తీ అయినది" అని మంత్రి చెప్పిన పోస్టు ముందు ఖాళీ కుర్చీ ఉంటే, తేదీ వేసి రాసుకోండి, మరుసటి సమావేశాల్లో అనుబంధ ప్రశ్నకి అదే ఆధారం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జిల్లాల వారీగా కూర్చుందాం. ఒక్కో గుంపు తమ మండలం ఆరోగ్య కేంద్రం మీద ఒక్క ప్రశ్న రాయాలి. "వాస్తవమేనా" అనే మాట వాడకుండా రాయండి.