దగ్గు ఆగిపోతే



అన్నం తింటుంటే పొలమారిందనుకోండి, పక్కనున్నవాళ్లు నెత్తిమీద తడతారు. 'ఎవరో తలుచుకుంటున్నారు' అంటారు. రెండు దగ్గులు దగ్గేసరికి సర్దుకుంటుంది. అక్కడ పనిచేసింది నెత్తిమీద తట్టిన చెయ్యి కాదు, ఆ దగ్గే. దారి తప్పిన మెతుకును ఊపిరితిత్తుల్లోని గాలి బయటికి నెట్టేసింది. అందుకే గొంతుకు ఏదైనా అడ్డం పడినప్పుడు ముందు చెవి పెట్టి వినండి.

గట్టిగా దగ్గుతున్నా, పిల్ల ఏడుస్తున్నా గాలి ఆడుతున్నట్టే. దగ్గనివ్వండి, పక్కనే ఉండండి. నీళ్లు పట్టొద్దు, అన్నం ముద్ద మింగించొద్దు. కంటికి కనపడని దానికోసం నోట్లో వేలుపెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

దగ్గు రావట్లేదు, మాట లేదు, పెదాలు నీలం తిరుగుతున్నాయి. అప్పుడు ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయొద్దు. గాలి అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 108కి ఫోన్ చేయమని ఒకరికి చెప్పి, మీరు పని మొదలుపెట్టండి. మనిషిని ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మూలంతో 5 సార్లు గట్టిగా చరచండి. బయటపడకపోతే వెనక నిలబడి, నడుం చుట్టూ చేతులు వేసి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ 5 సార్లు లాగండి. 1974లో అమెరికా డాక్టరు హెన్రీ హైమ్లిక్ లోకానికి చెప్పిన పద్ధతి ఇది. అడ్డం తొలగేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయండి. గర్భిణులకు మాత్రం పొట్ట కాదు, ఛాతీ మీద నొక్కాలి.

ఏడాది నిండని పసిబిడ్డకూ పొట్ట నొక్కకూడదు, కాలేయం దెబ్బతినవచ్చు. బిడ్డను ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికుండేలా పట్టుకుని వీపు మీద 5 దెబ్బలు. తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ నడిమి ఎముక మీద 5 నొక్కులు. ఎవరైనా స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి, ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేస్తూనే ఉండండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటుంది. రెండేళ్ల పిల్లాడు పల్లీలు తింటూ ఉక్కిరిబిక్కిరవుతాడు. కాసేపు దగ్గి, ఊరుకుని, మళ్లీ ఆటల్లో పడతాడు. ఇంటిల్లిపాదీ 'అమ్మయ్య' అనుకుంటారు. పల్లీ మాత్రం ఊపిరితిత్తిలోకి జారిపోయి ఉండవచ్చు, ఎక్కువగా కుడివైపుకు. ఆ వైపు గాలిగొట్టం ఎడమదానికన్నా వెడల్పు, నిటారు. లోపల ఆ గింజ ఉబ్బుతుంది, చుట్టూ వాపు వస్తుంది. వారాల తరబడి దగ్గు, జ్వరం, సీసా మీద సీసా మందు. ఎక్స్‌రేలో పల్లీ సాధారణంగా కనపడదు. డాక్టరు లోపలికి గొట్టం వేసి చూసి తీస్తే తప్ప తగ్గదు.

కాబట్టి నాలుగేళ్లు దాటేదాకా పల్లీలు, శనగలు గింజలుగా పెట్టొద్దు, పొడికొట్టి పెట్టండి. సీతాఫలం గింజలన్నీ తీసి గుజ్జు మాత్రమే ఇవ్వండి, ద్రాక్షను నిలువునా నాలుగు చీలికలు చేయండి. పగిలిన బెలూన్ ముక్కలు, చిల్లర డబ్బులు అందనివ్వొద్దు. ముక్కు మూసి ఉగ్గు పోసే అలవాటు ఇంకా ఉంటే ఈ రోజే మానండి అమ్మా. పరిగెత్తే పిల్లాడి వెనక ముద్ద పట్టుకుని తిరగడమూ అంతే.

ఇంకొక్క మాట. పల్లీలు ఎవరు పెట్టారో బయటపడితే అత్తగారు తిడుతుందనో, కోడలు నొచ్చుకుంటుందనో చాలా ఇళ్లలో ఈ సంగతి దాచేస్తారు. దాచొద్దు. ఎవరు పెట్టారని ఇంట్లో ఎవరూ అడగొద్దు కూడా. పిల్లాడి దగ్గు తగ్గకపోతే డాక్టరుగారితో మొట్టమొదట ఈ మాటే అనండి: 'పల్లీలు తింటుంటే పొలమారిందండీ, అప్పటినుంచే ఈ దగ్గు.'