ఇన్సిడెంట్ అంటే ఎవరు చేసిన పని?

(చాదర్‌ఘాట్ బస్తీ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంగ్లీషు చెప్పే పంతుల్ని. ఉపన్యాసం నాకు రాదు, పాఠం వస్తది. పాఠమే చెప్తాను.

తొమ్మిదో తరగతి పిల్లలకు పర్యాయపదాలు చెప్పాలి. ‘జరిగినది’ అనేదానికి ఇంగ్లీషులో ఈవెంట్, ఇన్సిడెంట్, యాక్సిడెంట్, అకరెన్స్ అని ఒక వరుస ఉంది. అన్నీ ఒకటే అని గైడ్లలో ఉంటది. ఒకటి కాదు. ఈవెంట్ అంటే చెప్పుకోదగ్గది. ఇన్సిడెంట్ అంటే చిన్నది, వచ్చి పోయేది. యాక్సిడెంట్ అంటే ఎవరూ అనుకోనిది. అకరెన్స్ కాగితాల మాట. అయితే వీటన్నిటికీ ఒక గుణం ఉంది. దేనికీ కర్త అక్కర లేదు. ఎవరు చేసిన్రు అని అడగకుండానే వాక్యం అయిపోతది.

ఇక్కడ మన పక్కనే మూసీ ఉంది. 1908 సెప్టెంబరు 28న పొంగి వేలమందిని మింగింది. దాన్ని ‘జరిగింది’ అనొచ్చు. వానకు చేతులు లేవు. కారంచేడును కూడా అట్లనే అందామా? 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను వెంటాడి చంపిన్రు. ముందురోజు తాగునీళ్ల చెరువు దగ్గర సువార్తమ్మ బిందె ఎత్తి ఎదురు నిలబడ్డందుకు ఆ కసి. దాన్ని ‘కారంచేడు ఇన్సిడెంట్’ అన్నరు. తెలుగులో ‘సంఘటన’ అన్నరు. వాళ్లు అంటే అన్నరు, మన కరపత్రాల్లో మనమూ అట్లనే రాసుకున్నం. నేనూ రాసిన, సిగ్గుతో చెప్తున్న.

1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మందిని నరికి, గోనె సంచుల్లో కుక్కి కాల్వలో పడేసిన్రు. దానికి ‘ఘర్షణ’ అని పేరు. ఘర్షణ కావాలంటే రెండు రాళ్లు రాసుకోవాలె. ఇక్కడ ఒక రాయి, ఒక తల. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చచ్చినోళ్లు ఎనిమిది మంది, చంపినోళ్లు ఎవరూ లేరు! కర్త లేని వాక్యం తీర్పు దాకా పోయింది.

ఇప్పుడు మన బస్తీల మాట. మ్యాన్‌హోల్‌లో దిగిన పిల్లగాడు ఊపిరాడక చస్తే ‘యాక్సిడెంట్’ అని రాస్తరు. రక్షణ సామాను లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. గ్యాసు ఉంటదని దించినోనికి తెలుసు. తెలిసి చేసినదాన్ని అనుకోనిది అని ఎట్ల అంటరు? ఇంకో విద్య చూడండి. 2021లో పార్లమెంటులో, చేతులతో పాకీ పని చేస్తూ చచ్చినోళ్లు లేరన్నరు. డ్రైనేజీలు కడుగుతూ చచ్చినోళ్లను ‘ప్రమాదకరమైన శుభ్రత’ అని వేరే పద్దులో పెట్టిన్రు. పద్దు మారంగనే లెక్క సున్నా అయింది.

ఒక్క మాట మాత్రం వాళ్లకు కొరుకుడు పడలేదు. అది 1989 చట్టం ఇచ్చిన ‘అట్రాసిటీ’. ఆ మాటలో క్రూరత్వం ఉంది, చేసినోడూ ఉన్నడు. అందుకే దాన్ని తిరగేసిన్రు. ‘వాడు నా మీద అట్రాసిటీ పెట్టిండు’ అంటరు, విన్నారు గదా. కొట్టినోడు అట్రాసిటీ చేసినట్టు కాదు, కేసు పెట్టినోడు చేసినట్టు! వ్యాకరణంలో ఇంత పని ఉందని నేను బి.ఇడి.లో చదువుకోలేదు.

స్టేషనుకు పోయినప్పుడు ఏం చెయ్యాలో చెప్పి కూచుంట. మీరు నోటితో చెప్తే రైటరు రాస్తడు. మీరు ‘ఫలానోడు కొట్టిండు’ అంటే అతను ‘గొడవ జరిగినది’ అని రాస్తడు. సంతకం పెట్టకండి. 2016 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం, సంతకానికి ముందు రాసింది మీకు చదివి వినిపించాలె. అది నాలుగో సెక్షను. అది వాళ్ల డ్యూటీ. ఎఫ్‌ఐఆర్ నకలు కూడా ఊరికే ఇయ్యాలె. చదివేటప్పుడు ‘జరిగినది’ అని వినబడితే ఆపి అడగండి: “సారూ, ఎవరు చేసిన్రో ఆ పేరు రాయండి.”

పాత కేసుల కాగితాలు ఇంట్ల ఉన్నోళ్లు వచ్చే ఆదివారం ఇక్కడికే తెండి. ట్రంకుపెట్టెల అడుగున ఉంటయి, మడతలు చిరుగుతయి, జాగ్రత్త. మా పదో తరగతి పిల్లలు నలుగురు కూడా వస్తరు. ఏ వాక్యంలో కర్త పోయిందో వాళ్లు ఎర్ర పెన్నుతో గుర్తు పెడతరు.