‘క్రాల్’ అను క్రియ – మన మాటలు

(ఏటపల్లి తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన పిల్లలు బడిలో ఇంగ్లీషును మరాఠీ ద్వారా నేర్చుకొనుచున్నారు. ‘క్రాల్’ అను క్రియకు అర్థమడిగినచో ‘రాంగణే’ అని వెంటనే చెప్పుదురు. తెలుగున చెప్పుమనిన ‘పాకుట’ అని ఊరకుందురు. ఈ ఒక్క మాటను పురస్కరించుకొని నేడు కొంత మనవి చేయదలచితిమి.

‘క్రాల్’ స్కాండినేవియా దేశముల ప్రాచీన భాషనుండి ఇంగ్లీషునకు వచ్చినది. నేలనంటి మెల్లగా కదలుట దాని ముఖ్యార్థము. చంటిబిడ్డకును, పురుగునకును, రద్దీలో చిక్కిన లారీకిని, గడవని కాలమునకును ఇంగ్లీషువారు ఈ క్రియనే వాడుదురు. దాని తోబుట్టువు ‘క్రీప్’. తీగ ప్రాకుటకును, చప్పుడు కాకుండ వచ్చుటకును అది చెల్లును. భూతకాలమున మొదటిది ‘క్రాల్డ్’, రెండవది ‘క్రెప్ట్’ అగును. వింత యేమన, ఈతలన్నిటిలో వేగము గలదానికి కూడ ‘క్రాల్’ అనియే పేరు. కావున అర్థమును సందర్భమునుబట్టి గ్రహింపవలెను గాని, ఒక్క ప్రతిపదమును వల్లించిన చాలదు.

ఇక మన తెలుగు చూడుడు. బోర్లపడిన బిడ్డ పారాడును, మోకాళ్లపై దోగాడును, కూర్చుండి జరిగినచో దేకుచున్నదందుము. పాము ప్రాకును. కుళ్లిన పండులో పురుగులు లుకలుకలాడును. బురదదారిలో బండి నత్తనడక నడచును. మరాఠీలోను బిడ్డకు ‘రాంగణే’, పామునకు ‘సరపటణే’ అని వేరుపరతురు.

మేము వర్తకులము, మాకు తోచిన పోలిక చెప్పెదము. చిన్న రాళ్లన్నియు పోయి, కిలోరాయి యొక్కటే మిగిలిన కొట్టులో యాభై గ్రాముల పసుపు తూచుటెట్లు? ‘పారాడు’, ‘దేకు’ మన ముసలమ్మల నోట ఇంకను కలవు. పిల్లల నోట అరుదైనవి. ఇందుకు పిల్లలను తప్పుపట్టరాదు. మరాఠీని విడువుడని మేము చెప్పుట లేదు. అది మన బ్రతుకుతెరువు, ఇరుగుపొరుగుల భాష.

భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయములు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము రాష్ట్రములను ఆదేశించుచున్నది. అందుకై అర్జీలు పెట్టుట సంఘము పని. ఇంటిలో మాట నిలుపుట మాత్రము మన పని.

ప్రతి ఇంట ఒక నోటుపుస్తకము పెట్టుడు. ఒక వరుసలో ఇంగ్లీషు, రెండవదానిలో మరాఠీ, మూడవదానిలో తెలుగు. అవ్వ చెప్పగా మనుమడు వ్రాయవలెను. వచ్చు సమావేశమునకు ఇంటికి పది మాటలైన తెండు. పని నత్తనడక నడచినను సరే, నిలిచిపోకున్న చాలును.