అద్దెకారులో సముద్రతీరమునకు



మీలో ననేకులకు మోటారుకారు కొత్త కాదు. కొడుకో అల్లుడో పట్టణమునుండి వచ్చి, మిమ్ము వెనుక కూర్చుండబెట్టుకొని అన్నవరమునకో తిరుపతికో కొనిపోవుచునే యున్నాడు. కాని పరదేశములో నెవరిదో కారును అద్దెకు దీసికొని, తెలియని దారిని సముద్రతీరమునకు పోవుట వేరొక సంగతి. 2018 వ సంవత్సరము ఆషాఢమాసములో మారిషసు ద్వీపమునందు నేను చేసిన యట్టి యొకదినపు ప్రయాణమును నేడు మీకు విన్నవించెదను. ఈ మధ్య మన పల్లెలనుండియు పెద్దవారు పిల్లలవెంట విదేశములకు పోవుచున్నారు గనుక, ఇందు కొన్ని మాటలైనను మీకు పనికివచ్చునని నా తలంపు.

మారిషసు హిందూమహాసముద్రములో, మకరరేఖకు కొంచె ముత్తరముగా నున్న చిన్న ద్వీపము. అగ్నిపర్వతములు గ్రక్కిన నల్లరాతితో నేర్పడినది. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45 కిలోమీటర్లు. ఉదయము బయలుదేరినవాడు ఏ దిక్కున నున్న తీరమునకైనను భోజనమువేళకు ముందే చేరగలడు. 1715 లో ఫ్రెంచివారు దాని నాక్రమించిరి. 1810 లో ఆంగ్లేయులు వారిని గెలిచిరి. గెలిచియు ఫ్రెంచివారి భాషను, చట్టములను తొలగింపలేదు. కావున నేటికిని ఊళ్లపేర్లు ఫ్రెంచివి, శాసనసభలోని భాష ఇంగ్లీషు, జనులు ఇండ్లలో పలుకునది క్రియోలు. ఆంగ్లేయులు విడిచిపోయిన యాచారములలో మనకు మేలైన దొకటి కలదు. బండ్లు మన దేశమునందువలెనే ఎడమప్రక్కన నడుచును. మన పిల్లలకు అక్కడ కారు నడుపుట సులువగుటకు ఇదియే కారణము.

మేము ద్వీపముయొక్క నడుమ, ఎత్తైన పీఠభూమిపై నున్న క్యూర్‌పీప్ అను పట్టణములో దిగితిమి. నేను, మా యింటివారు, నా రెండవ కుమారుడు, పదేండ్ల మనుమడు, నలుగురము. ఉదయము ఎనిమిదిగంటలకు అద్దెకారు వాకిటికి వచ్చెను. తెచ్చినవాడు నాలుగు పుటల కాగితమొకటి నా కుమారునిచేత బెట్టి, వ్రేలితో చోటు చూపెను. మావాడు చదువకుండగనే కలము తీసెను. ముప్పదియారేండ్లు బడిలో పనిచేసినవాడను. చదువని కాగితముపై చేవ్రాలు చేయుట చూచి యూరకుండలేకపోతిని. "ఆగుము, నాయనా" అని కాగితమును నేను తీసికొంటిని. వచ్చినవాడు గోడగడియారమువైపు చూచెను. చూడనిమ్మంటిని.

అందు అయిదు సంగతులు నాకు ముఖ్యముగా దోచినవి. పత్రములో పేరున్నవాడు తప్ప మరియొకడు కారు నడుపరాదు. చమురు ఏ గీతవరకు నిండియున్నదో ఆ గీతవరకే నింపి తిరిగి యీయవలెను. ధరావతు సొమ్ము కారు తిరిగి చేరువరకు వారివద్ద నుండును. భీమా యున్నను కొంత నష్టము మనమే భరింపవలెను. అయిదవది, ఇసుకలో నడుపుటచేతను ఉప్పునీటిచేతను గలుగు నష్టమునకు భీమా వర్తింపదు. ఇది కడపటి పుటలో చీమతలలంత యక్షరములతో నుండెను. నేను దానిని బిగ్గరగా జదివి వినిపించితిని. మావాడు "సరే, నాన్నగారూ" అనెను. పిమ్మట కారుచుట్టును దిరిగి, ఉన్న గీతలను, సొట్టలను ఆ మనిషి యెదుటనే ఫోటోలు తీయించితిని. ఇది మాత్రము మీరెక్కడికి బోయినను మరువకుడు. అద్దెకు దెచ్చుకొన్న యెద్దును ఇంటికి దోలుకొని పోవుటకు ముందు గిట్టలు చూడనివా డెవడు?

అక్కడ ఆషాఢము శీతకాలము. మేము బయలుదేరునప్పటికి క్యూర్‌పీప్‌లో సన్నని వాన, మంచు. మా యింటివారు "ఈ ముసురులో సముద్రమేమిటి?" అని వెనుదిరుగుద మనిరి. ఆ ద్వీపములో నాగ్నేయపుగాలి తేమను దెచ్చి నడిమి మెట్టపై గురియించును. పడమటి తీరమునకు దిగునప్పటికి గాలి పొడియైపోవును. మెట్టమీద గొడుగు పట్టుకొన్న దినమే క్రింద ఎండ కాయుచుండును. మేము ఫీనిక్సు, పాల్మాలమీదుగా దిగుచుండగా అరగంటలోపల మబ్బు విడిపోయి, నీలముగా సముద్రము కానవచ్చెను.

దారి చెప్పుటకు మావాడు చేతిఫోనును ఎదుట దగిలించెను. అందులోని స్త్రీకంఠము ఫ్రెంచిపేర్లను ఇంగ్లీషువలె జదువుచు మమ్ము రెండుసార్లు వృథాగా త్రిప్పెను. ఆ దేశములో నాలుగుదారులు కలియుచోట నడుమ గుండ్రని తిన్నె కట్టి, బండ్లు దానిచుట్టును దిరిగి పోవునట్లు చేసినారు. వానిని రోంపుయిన్ అందురు. కుడిప్రక్కనుండి వచ్చు బండికి దారి యిచ్చి, పిమ్మట మనము చొరవలెను. మన దేశములో హారను గట్టిగా మ్రోగించినవానిదే దారి యను నలవాటు పడినవారికి ఇది మొదట దుర్భరముగా నుండును. వెనుకనున్న వారెవ్వరును హారను మ్రోగింపకపోవుట చూచి మావాడే సిగ్గుపడి నెమ్మదించెను. పెద్దరహదారిలో గంటకు 110 కిలోమీటర్ల వేగమువర కనుమతి కలదు. ఊళ్లలో 40, 60 అని పలకలు కట్టియుందురు. అక్కడక్కడ వేగమును బట్టియిచ్చు కెమెరాలు గలవు.

దారికి రెండుప్రక్కల చెరకుతోటలు. అది చెరకు నరకుకాలము గనుక నిండు లారీలు మెల్లగా సాగుచుండెను. నరకని చోట్ల చెరకు రోడ్డంచువరకు నిలువెత్తున నిలిచి, అడ్డదారినుండి వచ్చు బండిని గనబడనీయదు. తోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు గోపురములవలె పేర్చియున్నవి. మనుమడు "తాతగారూ, అవి గుళ్లా?" అని యడిగెను. కావు. అవి కూలివారు చేతులతో నేరి, మోసి, పేర్చిన రాళ్లు. ఆ నేలను చెరకునకు బాగుచేసినవారిలో మన తెలుగువారును గలరు.

నల్లయేరను నర్థముగల రివియేర్ నువార్ గ్రామమువద్ద ఒక పోలీసువాడు చేయెత్తి మమ్మాపెను. మావాని లైసెన్సు చూచెను, కారు కాగితము చూచెను, నవ్వి పొమ్మనెను. నిమిషము పట్టలేదు. నాకు మాత్ర మా చోటు దాటినపిమ్మట మాట రాలేదు. మా ప్రాంతపు కోరంగి రేవునుండి 1843 లో కోరంగి పాకెట్టు అను నోడ తెలుగు కూలీలను ఆ ద్వీపమునకు జేర్చినది. 1834 మొదలు అట్లు మన దేశమునుండి పోయినవారు నాలుగు లక్షలకు మించియున్నారు. వారును పత్రముమీద గురుతు పెట్టినవారే. అయిదేండ్ల కొప్పందము, మగవానికి నెలకు అయిదు రూపాయల జీతము, బియ్యము, పప్పు, నూనె, ఉప్పు. ఒకదినము పనికి రానిచో రెండుదినముల కూలి కోసివేయుచుండిరి. గురుతు పెట్టినవారిలో నెక్కువమంది ఆ పత్రమును జదువలేరు. వారికి పెద్దగా జదివి వినిపించువారును లేరు.

అంతటితో పోలేదు. గడువు ముగిసినవారు సైతము తమ ఛాయాచిత్రమంటించిన చీటిని వెంట నుంచుకొనవలెనని 1867 లో శాసనము చేసిరి. అనుమతిచీటి లేక ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు బోయి పట్టుబడినవానిని దేశదిమ్మరియని చెరలో వేయుచుండిరి. దీనిని సహింపలేక 1871 లో 9,401 మంది చేవ్రాళ్లతో అర్జీ పెట్టుకొనిరి. అడోల్ఫ్ ద ప్లెవిట్స్ అను నొక తోటదొర వారికి సాయపడి, తోడిదొరల చేతిదెబ్బలు గూడ తినెను. మరుసటియేడు రాణిగారి విచారణసంఘము వచ్చెను. ఆ ఉదయము మేము రెండు జిల్లాలు దాటితిమి. మమ్మడిగిన దొక్క లైసెన్సు.

రివియేర్ నువార్ చేరుటకు ముందే తామరిన్ అను నూరివద్ద నల్లరాతితో గట్టిన యుప్పుమడులను చూచితిమి; పదకొండుగంటలకు ల మోర్న్ తీరము చేరితిమి. 556 మీటర్ల యెత్తుగల కొండ సముద్రములోనికి చొచ్చుకొని నిలిచియున్నది. దొరలను విడిచి పారిపోయిన నీగ్రో బానిసలు పూర్వము దాని గుహలలో దాగియుండిరి. 2008 లో యునెస్కోవారు దానిని లోకమంతటికి సంబంధించిన వారసత్వముగా నంగీకరించిరి. కొండ యడుగున తెల్లని యిసుక. ఇసుకవెంబడి మన కాకినాడ, బాపట్ల తీరములయందువలెనే సరుగుడుచెట్లు. అక్కడివారు వానిని ఫిలావో లందురు. దూరమున పగడపుదిబ్బ కోటగోడవలె నిలిచి కెరటములను విరుగగొట్టును. లోపలి నీరు చెరువువలె నిలిచియుండును. అయినను పెద్దవారును పిల్లలును హెచ్చరికపలకలు లేనిచోటనే స్నానము చేయవలెను. దిబ్బకు గండిపడినచోట నీరు బలముగా బయటికి లాగును. పగడపుముక్కలును, ముండ్లుగల సముద్రజీవులును ఉండును గనుక పాదములకు రబ్బరుచెప్పులు విడువరాదు.

ఇక మా తప్పు వినుడు. తారుదారిప్రక్కన బండ్లు నిలుపుటకు చోటుండెను. మావాడు నీడకై కారును సరుగుడుతోపులోనికి, ఇంకను నాలుగు బారలు ముందుకు దీసికొనిపోయెను. నేను మనుమనితో మాటలాడుచు చూడలేదు. సాయంకాలము అయిదుగంటలకు కదలింపబోగా ముందుచక్రములు గిఱ్ఱున దిరిగి ఇరుసువరకు ఇసుకలో దిగినవి. అక్కడ శీతకాలమున ఆరుగంటలకు ముందే సూర్యుడస్తమించును. ఉదయము బిగ్గరగా జదివిన అయిదవ షరతు మా ఇద్దరికిని జ్ఞప్తికి వచ్చెను, ఇద్దరమును పలుకలేదు.

అంతలో గాలము మూటగట్టుకొని పోవుచున్న ఒక వృద్ధుడు మమ్ము జూచి వచ్చెను. రమారమి నా యీడువాడు. నా కుమారునితో ఇంగ్లీషులో, చక్రమును ద్రిప్పుట మానుమనెను. చక్రములముందటి ఇసుకను చేతులతో దీయించెను. గాలి కొంత వదలించి చక్రములను మెత్తపరచెను. రాలిన సరుగుడుపుల్లలను, ఆకులను దోసిళ్లతో దెచ్చి ముందు పరపించెను. పిదప మెల్లగా, మిక్కిలి మెల్లగా, కదలింపుమనెను. మేము ముగ్గురము వెనుకనుండి త్రోసితిమి. రెండవసారికి కారు బయటపడెను. కాని వేరొకటి తగిలి క్రిందిభాగమున జానెడు గీత పడెను.

నేను మా యింటివారితో తెలుగున నేదో యనుట విని ఆయన తల యెత్తెను. "మేమును తెలుగే" అనెను. ఆ రెండు మాటలును తెలుగుననే యనెను. పిమ్మట ఒకటి రెండు మూడు అని పదివరకు లెక్కించెను. అంతకుమించి మాట రాదట. రామభజనము మాత్రము తెల్లవారువరకు పాడగలడట. అప్పన్న పండుగను ఏటేట జేయుదురట. సింహాచలమును చూడలేదు. అక్కడి స్వామికి చందనము పూయుట నిజమేనా యని కుమారునిచేత నన్నడిగించెను. నిజమే, సంవత్సరమున కొకనాడు మాత్రమే నిజరూపము కనబడునని చెప్పితిని. డబ్బీయబోగా రెండుచేతులును వెనుకకు బెట్టుకొనెను. మావాడు చిరునామా వ్రాసికొనెను.

దారిలో చమురుకొట్టువద్ద చక్రములకు గాలి నింపించితిమి. "గీత క్రింద నున్నది, ఎవరును వంగి చూడరు" అని మావాడు మెల్లగా ననెను. నేను "నీవు పత్రముమీద పేరు వ్రాసితివి" అంటిని. ఇంటివరకు ఇద్దరిమధ్య మరి మాట లేదు. మరునా డుదయము కారు తీసికొనుటకు వచ్చినవానికి వాడే వంగి గీత చూపించెను. ఇసుక సంగతి దాచలేదు. ధరావతులో అయిదవవంతు తగ్గించి తక్కినది తిరిగి యిచ్చిరి. ఆ మొత్తము తక్కువ కాదు. మావాడు మూడుదినములు లెక్క వేసికొనుచునే యుండెను.

తరువాతి వైశాఖమున సింహాచలము పోయి, నిజరూపదర్శనము చేసికొని, చందనప్రసాదమును పొట్లముగట్టి ఆ వృద్ధునికి టపాలో పంపితిని. రెండునెలలకు జవాబు వచ్చెను. అక్కడి బడిలో తెలుగు నేర్చుకొనుచున్న మనుమరాలిచేత వ్రాయించినాడు. పెద్ద పెద్ద యక్షరములు; ఒత్తులు కొన్ని తప్పినవి. చందనము చేరినది, పూజలో నుంచినాము, మీరు మరల రండు, ఈసారి కారును రోడ్డుమీదనే ఆపుడు అని యున్నది.