పాత కారు యంత్రమున కొత్త భాగముల పొందిక



పాత కారును ముచ్చటపడి ఉంచుకొనువారికి, దాని యంత్రమునకు మరికొంత బలము చేకూర్చవలెనను కోరిక ఒకనాటికి పుట్టకమానదు. పెద్ద కార్బురేటరు నొకదానిని కొనితెచ్చి బిగించుట సులభమే. బిగించిన పిమ్మట కారు వెనుకటికంటె మందగించినదని వాపోవువారు చాలమంది కలరు. దోషము కార్బురేటరుది కాదు. తక్కిన యంత్రముతో దానికి పొత్తు కుదరలేదు. మినీ కూపరు అను ఆంగ్లేయుల కారు చరిత్ర ఈ సంగతిని చక్కగా తెలుపును.

అలెక్ ఇస్సిగోనిస్ రూపొందించిన మినీ కారును బ్రిటిషు మోటారు కార్పొరేషను వారు 1959లో విడుదల చేసిరి. తెలుగువారికి చిరపరిచితమైన అంబాసిడరు కారునకు చాలకాలము అమర్చిన పెట్రోలు యంత్రమును ఆ కంపెనీవారి నమూనాయే. మినీ యంత్రము 848 ఘనపు సెంటీమీటర్లది; బలము 34 గుర్రములు. పందెపు కార్ల నిర్మాత జాన్ కూపర్, ఆ బుల్లికారు మలుపులలో నేలను కరచుకొని పోవు తీరు చూచి, దానికి మరికొంత బలము కావలెనని తలచెను. సామాన్య కుటుంబములకై కారును గీసిన ఇస్సిగోనిస్‌కు ఆ మాట మొదట రుచింపలేదు. కంపెనీ పెద్ద జార్జి హారిమన్ ఒప్పుకొనగా 1961లో మినీ కూపరు వెలువడెను.

అందు ఏ ఒక్క భాగమును ఒంటరిగా మార్చలేదు. పిస్టను నడకను 68.26 మిల్లీమీటర్లనుండి 81.28కి పెంచి యంత్రమును 997 ఘనపు సెంటీమీటర్లు చేసిరి. కార్బురేటర్లు రెండాయెను, గాలిని పీల్చు వాల్వులు పెద్దవాయెను, వానిని ఎత్తు కామ్‌షాఫ్టు మారెను. బలము 55 గుర్రములకు చేరెను. అంతటితో ఊరకుండక ముందు చక్రములకు డ్రమ్ము బ్రేకులు తీసి 7 అంగుళముల డిస్కు బ్రేకులు అమర్చిరి. యంత్రమునకు వేలకు వేలు పోసి బ్రేకులను పాతవే ఉంచు యజమానులు ఈ ఒక్క మాట చెవిని పెట్టుకొనవలెను.

అయినను ఆ పొడుగాటి నడక క్రాంకుషాఫ్టునకు భారమే. 1964లో దానికి మారుగా 76.2 మిల్లీమీటర్ల నడకగల 998 యంత్రమును పెట్టిరి. బలము 55 గుర్రములే. పరుగు మాత్రము నునుపాయెను. గట్టిపరచిన ఉక్కు క్రాంకుతో 1963లో వచ్చిన కూపరు ఎస్ కారు 1964 జనవరిలో మాంటీ కార్లో పందెము గెలిచెను. నడిపినవాడు ప్యాడీ హాప్‌కర్క్.

ఇక పనిశాలలోనికి వత్తము. జంట కార్బురేటర్లు ఒక కాడికి కట్టిన ఎడ్లవంటివి. ఒకటి లాగి రెండవది వెనుకబడిన బండి సాగదు. యంత్రమును బాగుగా వేడెక్కనిచ్చి, రెంటిని కలుపు కడ్డీని వదులు చేయవలెను. రబ్బరుగొట్టము ఒక కొనను చెవికి ఆనించి, రెండవ కొనను ఒక్కొక్క కార్బురేటరు మూతికడ ఉంచి, గాలి బుస రెంటను సమముగ వినబడువరకు మరలను తిప్పి, అటుపిమ్మట కడ్డీని బిగింపవలెను. పిదప ఒక్కొక్క కార్బురేటరులోని పిస్టనును అంగుళములో 32వ వంతు మాత్రము పైకెత్తి చూడవలెను. యంత్రము వేగము పెరిగి అట్లే నిలిచిన పెట్రోలు ఎక్కువ. వేగము పడిపోయిన పెట్రోలు తక్కువ. ఒక్క క్షణము కొంచెము పెరిగి మరల సర్దుకొనిన పాలు సరిపడినట్లు.

పెట్రోలు తగ్గుట ఆదాయమని మురియుట ప్రమాదము. పూర్తి బరువుతో పరుగెత్తునపుడు పెట్రోలు చాలని యంత్రము మితిమీరి కాగును. పిస్టను తల కరగి రంధ్రము పడుటయు కలదు. కావున కామ్‌షాఫ్టుగాని సిలిండరు తలగాని మార్చినపుడు కార్బురేటరు సూదిని గూడ తగినదానిని వేయవలెను. ఎత్తైన దారిలో కొంతదూరము గట్టిగా నడిపి, యంత్రమును చప్పున ఆపి, స్పార్కు ప్లగ్గులు విప్పి చూడవలెను. లేత ఇటుకపొడి రంగున్న మేలు; మసి పట్టిన పెట్రోలు హెచ్చు; సున్నమువలె తెల్లబారిన, సూది మార్చువరకు ఆ కారును వేగముగా నడుపరాదు.